తూకం, తేమ, కౌలు, బీమా: రైతు సంఘాల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా గ్రామ రైతు సంఘాల కార్యదర్శులు రాసినవే. ఒకే విషయం మీద వచ్చిన ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా ఇస్తున్నాం. ధరలు, నిబంధనలు 2025-26 సీజన్‌వి.

ప్రశ్న: కొనుగోలు కేంద్రంలో 40 కిలోల బస్తాకు 42 కిలోలు తూస్తున్నారు. ఎందుకంటే గోనె బరువు, తాలు, తేమ అంటున్నారు. లారీ మిల్లుకు చేరాక మళ్లీ కోత పెడుతున్నారు. ఇందులో న్యాయమైన తరుగు ఎంత? సంఘం తరఫున ఎలా నిలదీయాలి?
— గ్రామ రైతు సంఘం కార్యదర్శి, కరీంనగర్ జిల్లా

గోనె, తాలు, తేమ అనే మూడూ వేర్వేరు లెక్కలు. కేంద్రంలో మూటగట్టి ఒకటే అంకె చెప్పడంతోనే రైతు ఓడిపోతున్నాడు. ముందు వాటిని విడదీయండి.

గోనె సంగతి తేలిక. 50 కిలోల కొత్త జనపనార సంచి బరువు 580 గ్రాములు. అంటే 40 కిలోల వడ్లకు కాంటా మీద 40 కిలోల 580 గ్రాములు చూపితే సరి. వాడిన సంచులైతే బరువు కాస్త తేడా ఉంటుంది. పది ఖాళీ సంచులు కలిపి తూచి పదితో భాగించండి, ఆ అంకెను కేంద్రం బోర్డు మీద రాయించండి. 42 తూస్తే బస్తాకు 1.42 కిలోలు లెక్కలేకుండా పోతున్నట్టు. ఎకరాకు 25 క్వింటాళ్లు పండితే 62 బస్తాల పైచిలుకు. అక్కడ పోయేది దాదాపు 89 కిలోలు. ఏ-గ్రేడ్ మద్దతు ధర క్వింటాకు 2,389 రూపాయల చొప్పున ఎకరాకు 2,100కు పైనే. ఊళ్లో 500 ఎకరాల వరి ఉంటే పది లక్షలు దాటుతుంది. సంఘం చేత పట్టుకుని వెళ్లాల్సిన అంకె ఇదే. ‘అన్యాయం జరుగుతోంది’ అన్న మాటకు ఏ అధికారీ కదలడు. ఈ లెక్కకు మాత్రం జవాబు చెప్పక తప్పదు.

తాలు, మట్టి, రంగు మారిన గింజల విషయంలో కేంద్ర ప్రభుత్వం నిర్ణయించిన సగటు నాణ్యతా ప్రమాణాలు ఉన్నాయి. మట్టి, రాళ్లు 1 శాతం. గడ్డి, తాలు వంటి చెత్త 1 శాతం. దెబ్బతిన్న, రంగు మారిన, మొలకెత్తిన, పురుగు పట్టిన గింజలు అన్నీ కలిపి 5 శాతం. పక్వానికి రాని, ముడుచుకున్న గింజలు 3 శాతం. తక్కువ రకం గింజల కల్తీ 6 శాతం. తేమ 17 శాతం. ఈ హద్దుల్లోపల ఉన్న ధాన్యానికి ఒక్క గ్రాము కూడా కోయకూడదు. హద్దు దాటితే తూర్పార పట్టించి, ఆరబెట్టించి మళ్లీ చూడాలి. ‘రెండు కిలోలు ఇచ్చేయ్, తీసుకుంటాం’ అనే బేరం ఏ నిబంధనలోనూ లేదు. ప్యాడీ క్లీనర్ కేంద్రంలో ఉంటే మూలన పెట్టకుండా తిప్పించే బాధ్యత సంఘం తీసుకోవాలి. తాలు పేరుతో జరిగే కోతలో చాలా భాగం దానితోనే పోతుంది.

తేమ దగ్గర జాగ్రత్త ఎక్కువ కావాలి. హార్వెస్టర్ కోసిన వడ్లలో తేమ 20 నుంచి 25 శాతం దాకా ఉంటుంది. ఎండకు పోసిన కుప్ప మీద పొర 15 చూపినా అడుగున 19 ఉండొచ్చు. పైన, నడుమ, అడుగున నాలుగైదు చోట్ల పిడికెడు చొప్పున తీసి కలపండి. తాలు ఊది, నీడలో పది నిమిషాలు చల్లారనిచ్చి అప్పుడు మీటర్‌లో పోయండి. ఎండలోంచి తీసిన వేడి గింజతో మీటర్ తప్పు చూపుతుంది. మీటర్ ‘వరి’ మీద ఉందో మొక్కజొన్న మీద ఉందో చూడండి. బ్యాటరీ బలహీనపడినా అంకె మారుతుంది. మూడుసార్లు చూసి సగటు రాయించండి. మీ మీటర్, కేంద్రం మీటర్ ఒకే గింజతో పక్కపక్కన పెట్టి పోల్చడం సీజన్ మొదటి రోజే చేయాలి, గొడవ వచ్చాక కాదు.

ఇక్కడ రైతుకు చెప్పాల్సిన మాట కూడా ఒకటుంది. 22 శాతం తేమ ఉన్న 100 కిలోల వడ్లు 17కి దిగితే 94 కిలోలే మిగులుతాయి. వందలోంచి పాత తేమ తీసేసి, వందలోంచి కొత్త తేమ తీసేసి, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే ఈ లెక్క వస్తుంది: 78ని 83తో భాగించాలి. ఆ ఆరు కిలోలు నీరు, దాన్ని ఎవరూ దోచుకోలేదు. అలాగని భయపడి 14 దాకా ఎండబెడితే క్వింటాకు మూడున్నర కిలోలు మీరే వదులుకున్నట్టు. రెండు మూడు అంగుళాల మందాన పరిచి, గంటకోసారి తిరగేసి, 16-17 దగ్గర ఆపి టార్పాలిన్ కప్పండి.

మిల్లు దగ్గర కోతకు మూలం వేరే ఉంది. క్వింటా వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యం, ఉప్పుడైతే 68 కిలోలు మిల్లరు ప్రభుత్వానికి అప్పగించాలి. యాసంగి వడ్లు ముదురు ఎండలకు చిక్కి కోతకొస్తే, పచ్చి బియ్యంగా ఆడినప్పుడు నూక బాగా పడుతుంది. ఆ నష్టాన్ని మిల్లరు రైతు మీదికి నెడతాడు. 2021-22లో ఉప్పుడు బియ్యం కొనుగోలు మీద కేంద్రానికీ తెలంగాణకూ నడిచిన వివాదం అంతా ఈ నూక చుట్టూ తిరిగిందే. మిల్లరు నష్టానికి పరిహారం ప్రభుత్వం చూడాలి, లేదా రైతు ఏప్రిల్ ఎండలు ముదరకముందే కోతకొచ్చే రకాలకు మళ్లేలా విత్తనం, నీటి విడుదల సర్దాలి. రైతు బస్తాలోంచి తీయడం విధానం కాదు. కేంద్రంలో తేమ చూసి, తూచి, ట్యాబ్‌లో ఎక్కించి రసీదు ఇచ్చాక ఆ ధాన్యం రైతుది కాదు. అందుకే రసీదు చేతికొచ్చేదాకా లారీ కదలనివ్వకండి. మీ కుప్పలోంచి రెండు కిలో ప్యాకెట్లు తీసి, కేంద్రం నిర్వాహకులు, రైతు సంతకాలతో సీలు చేసి ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.

కాంటా సంగతి మరవకండి. ఎలక్ట్రానిక్ కాంటాకు ఏడాదికోసారి తూనికలు కొలతల శాఖ ముద్ర పడాలి. ముద్ర తేదీ చూడండి, కింద నేల చదునుగా ఉందో లేదో చూడండి, ముద్ర ఉన్న 20 కిలోల రాయి పెట్టి రోజూ ఉదయం పరీక్షించండి. తేదీ, రైతు, తేమ, బస్తాలు, తూకం, రసీదు నంబరు రాసిన పుస్తకం సంఘం మనిషి చేతిలో ఉండాలి. పది రోజుల నమోదులతో తెలంగాణలో అదనపు కలెక్టరుకు, ఆంధ్రప్రదేశ్‌లో జాయింట్ కలెక్టరుకు, నకలు పౌర సరఫరాల జిల్లా మేనేజరుకు ఇవ్వండి.

ప్రశ్న: మద్దతు ధర ఖర్చుకు ఒకటిన్నర రెట్లు ఇస్తున్నామని ప్రభుత్వం అంటోంది. మాకు మాత్రం పెట్టుబడే రావడం లేదు. లెక్క ఎక్కడ తేడా కొడుతోంది?
— కౌలు రైతు, బాపట్ల జిల్లా

2025-26కి సాధారణ వరి ఖర్చు క్వింటాకు 1,579 రూపాయలని తేల్చారు. దానికి ఒకటిన్నర రెట్లు వేస్తే 2,369. లెక్క తప్పలేదు. ఖర్చులో ఏం కలిపారు, ఎవరి ఖర్చు కలిపారు అన్నదగ్గర తేడా ఉంది.

వ్యవసాయ ఖర్చులు, ధరల సంఘం మూడు రకాల ఖర్చు చూస్తుంది. చేతి నుంచి వెళ్లిన డబ్బు అంతా ఏ2. ఇందులో విత్తనం, ఎరువు, కూలి, యంత్రం, నీరు, పెట్టుబడి మీద వడ్డీ, చెల్లించిన కౌలు వస్తాయి. దానికి ఇంటిల్లిపాది కష్టం విలువ కలిపితే ఏ2+ఎఫ్‌ఎల్. సొంత భూమికి రావాల్సిన కౌలు, సొంత ఆస్తుల మీద వడ్డీ కూడా కలిపితే సీ2. ప్రభుత్వం ఒకటిన్నర రెట్లు వేసేది రెండోదాని మీద. స్వామినాథన్ నాయకత్వంలోని జాతీయ రైతు కమిషన్ 2006లో ఖర్చు మీద కనీసం 50 శాతం కలపాలని చెప్పింది. ఆ ఖర్చు సీ2 కావాలన్నది రైతు సంఘాల డిమాండు.

రెండో తేడా సగటులో ఉంది. దేశం మొత్తం మీద సగటు తీస్తే సొంత భూమి రైతూ కౌలు రైతూ ఒకే అంకెలో కలిసిపోతారు. ఒక ఉదాహరణ తీసుకోండి. ఎకరాకు చేతి ఖర్చు 32,000, ఇంటి మనుషుల కష్టం 5,000, దిగుబడి 24 క్వింటాళ్లు అనుకుందాం. సొంత భూమి రైతుకు క్వింటా ఖర్చు 1,542. అదే పొలం 15,000కు కౌలు చేస్తే 2,167. 2,389కి అమ్మితే మొదటి రైతుకు ఎకరాకు 20,000 పైచిలుకు మిగులుతుంది, కౌలు రైతుకు 5,300. తుపానుకో సుడిదోమకో దిగుబడి 18కి పడిపోతే కౌలు రైతు ఖర్చు క్వింటాకు 2,889, అంటే క్వింటాకు 500 ఎదురు పెట్టాలి. మీ పెట్టుబడి రాకపోవడానికి కారణం ఇక్కడుంది.

సంఘం చేయగలిగిన పని ఒకటుంది, ఎక్కువ సంఘాలు చేయడం లేదు. ఇరవై మంది రైతులను ఎంచుకోండి. వారిలో సగం కౌలుదారులు, కొందరు బోరు కింద, కొందరు కాలువ కింద సాగు చేసేవారు ఉండాలి. ఒక్కొక్కరికీ ఒక నోటు పుస్తకం ఇచ్చి తేదీ, పని, కూలీలు ఎందరు, రేటు, నగదా అప్పా, అప్పయితే వడ్డీ ఎంత అని రాయించండి. వారానికోసారి ఒకరు వెళ్లి చూడకపోతే నెల తర్వాత గుర్తున్నంత రాస్తారు, ఆ పుస్తకం పనికిరాదు. సాధారణంగా తప్పిపోయేవి ఇవి: ఇంటి ఆడవాళ్లు చేసిన నాట్లు, కలుపు పని, సొంత ట్రాక్టరు డీజిలు, కోత తర్వాత బస్తాలు ఎత్తి దించే ఖర్చు, ఎండబెట్టేందుకు తెచ్చిన టార్పాలిన్ అద్దె. దిగుబడి కూడా బస్తాల అంచనాతో కాకుండా కాంటా రసీదుతో రాయాలి.

ఖరీఫ్ ధరలు మే, జూన్ నెలల్లో వెలువడతాయి. ప్రకటన వచ్చాక ధర్నా చేస్తే ఆ ఏడాది అంకె మారదు. జనవరిలోనే ఈ లెక్కల సారాంశం ఢిల్లీలోని ధరల సంఘానికీ, రాష్ట్ర వ్యవసాయ శాఖకూ పంపండి. రాష్ట్రాలు తమ సిఫార్సు ధరను ధరల సంఘానికి పంపుతాయి, మీ అంకెలు ఆ సిఫార్సులోకి ఎక్కాలి. ఖర్చుల సర్వే నడిపే వ్యవసాయ విశ్వవిద్యాలయానికి కూడా ఒక ప్రతి ఇవ్వండి.

ప్రశ్న: భూ యజమాని కౌలు కార్డు మీద సంతకం పెట్టనంటున్నారు. మార్గం ఏమిటి?
— పశ్చిమ గోదావరి జిల్లా నుంచి ముగ్గురు పాఠకులు

ఆంధ్రప్రదేశ్‌లో 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే కార్డు 11 నెలలకే. దానితో భూమి మీద ఏ హక్కూ రాదని చట్టంలోనే ఉంది. యజమానుల భయం మాత్రం చట్టం చదివితే పోయేది కాదు. 2011 చట్టం కింద రుణ అర్హత కార్డులు వచ్చినప్పటి నుంచీ ఆ భయం అలాగే ఉంది. సంఘం పెద్దలు పది మంది యజమానులను ఒకచోట కూర్చోబెట్టి, రెవెన్యూ అధికారి చేత ఆ భాగం చదివించడం ఒక్కొక్కరి ఇంటికి కౌలుదారు వెళ్లి బతిమాలడం కంటే బాగా పనిచేస్తుంది.

కార్డు వచ్చినా బ్యాంకులో ఆగిపోయేది ఒకచోట ఉంది. అదే సర్వే నంబరు మీద యజమాని అప్పటికే పంట రుణం తీసుకుని ఉంటే బ్యాంకు రెండో రుణం ఇవ్వదు. సంతకం అడిగే ముందే ఈ విషయం తెలుసుకోండి. అలాంటిచోట నలుగురి నుంచి పదిమంది కౌలుదారులు కలిసి ఉమ్మడి బాధ్యతా సంఘంగా ఏర్పడి రుణం అడగవచ్చు. ఈ-పంటలో (ఆంధ్రప్రదేశ్ పంట నమోదులో) సాగుదారుగా ఎవరి పేరు పడిందో గడువు ముగియకముందే రైతు సేవా కేంద్రంలో చూసుకోండి. అక్కడ యజమాని పేరు పడితే ధాన్యం అమ్మకం, బీమా, నష్ట పరిహారం మూడూ అటే పోతాయి. తెలంగాణ కౌలు రైతులు కూడా ఏఈఓ (వ్యవసాయ విస్తరణాధికారి) చేసే పంట నమోదులో తమ పేరు రాయించుకోవాలి. ఎకరాకు ఏడాదికి 12,000 రూపాయల రైతు భరోసా పట్టాదారుకే పోతున్న చోట సాగు చేసే మనిషికి మిగిలిన ఆధారం ఆ నమోదే. ఇది విధానంలో ఉన్న పెద్ద లోటు. దీని మీద సంఘాలు గట్టిగా మాట్లాడాలి.

ప్రశ్న: యూరియా బస్తా కావాలంటే నానో యూరియా సీసా కొనాల్సిందే అంటున్నారు. ఇది నిబంధనేనా?
— వరంగల్ జిల్లా

కాదు. ఒకటి ఇవ్వడానికి మరొకటి అంటగట్టడం చెల్లదు. 45 కిలోల వేప పూత యూరియా బస్తా గరిష్ఠ ధర 266 రూపాయల 50 పైసలు. దుకాణం ముందు నిల్వ, ధర బోర్డు ఉండాలి. పాస్ మిషన్ (అమ్మకాలు నమోదు చేసే యంత్రం) బిల్లు ఇవ్వాలి. బిల్లులో మీరు అడగని సరుకు ఉంటే దాని ఫొటోతో మండల వ్యవసాయ అధికారికి (ఏఓకు) రాతపూర్వకంగా ఇవ్వండి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు 1985 కింద చర్య తీసుకునే అధికారం వ్యవసాయ శాఖకు ఉంది. బిల్లు లేకుండా చేసే ఫిర్యాదు నిలవదు.

2025 ఖరీఫ్‌లో రెండు రాష్ట్రాల్లోనూ రైతులు వరుసల్లో నిలబడాల్సి వచ్చింది. రాష్ట్రానికి నెలవారీ కేటాయింపు కేంద్ర ఎరువుల శాఖ నుంచి వస్తుంది. రాష్ట్రం ఎంత అడిగిందన్నది సీజన్‌కు ముందే తేలిపోతుంది. ఊళ్లో మొక్కజొన్న పెరిగి పత్తి తగ్గబోతోందని మీకు ఏప్రిల్‌లోనే తెలుస్తుంది. ఆ ఎకరాల అంచనా అప్పుడే ఏఓకు రాసివ్వండి. అవసరం ఎంతో కూడా లెక్కగా చెప్పండి: వరికి ఎకరాకు 48 కిలోల నత్రజని వేయాలంటే, బస్తా డీఏపీతో 9 కిలోలు వస్తాయి, మిగతా 39 కిలోలకు యూరియా 85 కిలోలు. అంటే రెండు బస్తాల లోపే. ‘మూడు నాలుగు బస్తాలు కావాలి’ అంటూ సంఘం వెళితే వాదన అక్కడే బలహీనపడుతుంది.

ప్రశ్న: పసుపు, మిర్చికి మద్దతు ధర లేదు. ధర పడిపోతే ప్రభుత్వాన్ని ఏ పథకం కింద అడగాలి?
— రైతు సంఘం సభ్యులు, జగిత్యాల జిల్లా

కేంద్రం మద్దతు ధర ప్రకటించేది 22 పంటలకే. మిగతావాటికి ఉన్నది మార్కెట్ జోక్యం పథకం. ధర అంతకుముందు మామూలు ఏడాదితో పోలిస్తే కనీసం 10 శాతం పడిపోవాలి, రాష్ట్రం కోరాలి, నష్టం కేంద్రం, రాష్ట్రం పంచుకోవాలి. 2025లో ఈ దారిలోనే ఆంధ్రప్రదేశ్ మిర్చికి క్వింటా 11,781 రూపాయలుగా ధర కట్టి 2.54 లక్షల టన్నులకు తేడా చెల్లించేందుకు అనుమతి వచ్చింది. అదే ఏడాది తోతాపురి మామిడికి క్వింటా 1,490 రూపాయల 73 పైసల ధర మీద 1.62 లక్షల టన్నులకు అనుమతించారు.

ఇక్కడ పొరపాటు జరిగేది సమయం దగ్గర. పంట సగం అమ్ముడుపోయాక అనుమతి వస్తే, తక్కువ ధరకు తెగనమ్ముకున్న చిన్న రైతుకు ఏమీ దక్కదు, కోల్డ్ స్టోరేజీలో దాచుకోగలిగినవాడికే దక్కుతుంది. కాబట్టి యార్డు మోడల్ ధరలు (ఎక్కువ సరుకు అమ్ముడైన ధరలు) రోజువారీగా రాసుకోండి. మూడు నాలుగు వారాలు వరసగా పడుతుంటే, పోయిన రెండేళ్ల అదే వారాల ధరలను పక్కన పెట్టి మార్కెటింగ్ శాఖకు పంపండి. తక్‌పట్టీ (యార్డులో ఇచ్చే అమ్మకం చీటీ) దాచుకోవాలని ప్రతి రైతుకూ చెప్పండి. తేడా చెల్లింపు వచ్చినప్పుడు ఆ కాగితమే అడుగుతారు.

పసుపు రైతులు 2019లో నిజామాబాద్ లోక్‌సభకు 170 మందికి పైగా నామినేషన్లు వేసి పోటీలో నిలబడ్డారు. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. ఆ పట్టుదలకు అది ఫలితమే, సందేహం లేదు. అయితే బోర్డు ధర నిర్ణయించదు. దాని పని విత్తనం, నాణ్యత, ఎగుమతుల వైపు. ధర కోసం పోరాటం ఇంకా మిగిలే ఉంది. బోర్డును మాత్రం కుర్కుమిన్ (పసుపులోని రంగు పదార్థం) పరీక్ష, ఉడకబెట్టే బాయిలర్లు, పాలిషింగ్ డ్రమ్ములు మండల స్థాయిలో పెట్టమని అడగండి.

ప్రశ్న: కోసి పనల మీద ఉన్న వరి వానకు తడిసింది. బీమా ప్రీమియం కట్టాం. పరిహారం దానంతట అదే వస్తుందా?
— శ్రీకాకుళం జిల్లా

రాదు. ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకంలో గ్రామం మొత్తం దిగుబడి పడిపోతే పంట కోత ప్రయోగాల ఆధారంగా దానంతట అదే లెక్కిస్తారు. కోసి పొలంలో ఆరేసిన పంటకు జరిగే నష్టం మాత్రం ఒక్కో రైతు విడిగా చెప్పుకోవాలి. కోసిన 14 రోజుల్లోపు జరిగిన నష్టమై ఉండాలి, 72 గంటల్లోపు తెలియజేయాలి. 14447కి ఫోన్, పంట బీమా యాప్, బ్యాంకు, వ్యవసాయ శాఖ: ఏ దారైనా సరే. సర్వే నంబరు, విస్తీర్ణం, కోసిన తేదీ, వాన పడిన తేదీ చెప్పి, ఫిర్యాదు సంఖ్య రాసుకోండి. ఎక్కువమంది పొరపాటు పడేది ఈ 72 గంటల దగ్గరే. నీళ్లు తీయాలి, పనలు తిప్పాలి అన్న ఆత్రంలో మూడు రోజులు ఇట్టే గడిచిపోతాయి. సంఘంలో ఇద్దరు కుర్రాళ్లకు ఈ ఒక్క పనీ అప్పగిస్తే చాలు, ఒకే రోజులో ఊరంతటి ఫిర్యాదులూ నమోదవుతాయి.

నిలబడి ఉన్న వరి నీట మునిగితే విడిగా పరిహారం ఇచ్చే వెసులుబాటు 2018లో తీసేశారు. 2026 ఖరీఫ్ నుంచి మళ్లీ చేరుస్తామని కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. మీ రాష్ట్ర నోటిఫికేషన్‌లో ఆ ముప్పు చేరిందో లేదో ప్రీమియం కట్టే ముందే చదవండి. తెలంగాణ 2020లో ఈ పథకం నుంచి బయటికి వచ్చింది.

పంట కోత ప్రయోగాలప్పుడు సంఘం మనిషి తప్పక ఉండాలి. గ్రామం యూనిట్‌గా ఉన్నచోట నాలుగు ప్రయోగాలు చేస్తారు. వరికి 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు చెక్క (పొలంలో కొలిచిన ముక్క). అందులో వచ్చిన వడ్ల బరువును 162తో గుణిస్తే ఎకరా దిగుబడి. 15 కిలోలు వస్తే దాదాపు 24 క్వింటాళ్లు, ఇక్కడ అరకిలో తేడా వస్తే ఎకరాకు 80 కిలోల తేడా. టేపు వదులుగా పట్టారా, తడి గింజ తూచారా అన్నది చూడండి. చెక్క ఎక్కడ పడాలో ముందే యాదృచ్ఛిక సంఖ్యలతో తేలుతుంది. బాగున్న మడి, బాగోలేని మడి అని ఎవరూ మార్చకూడదు, మీరు కూడా.

పరిహారం ఎలా లెక్కిస్తారంటే, ఏడేళ్లలో మంచి ఐదేళ్ల సగటు దిగుబడికి నిర్ణీత శాతం వేసి ప్రామాణిక దిగుబడి తీస్తారు. అది 20 క్వింటాళ్లయి, ఈసారి 15 వస్తే, తగ్గింది నాలుగో వంతు. బీమా మొత్తంలో నాలుగో వంతే మీకు వస్తుంది. ‘పంట మొత్తం పోయింది, సగం కూడా ఇవ్వలేదు’ అన్న బాధ వెనుక చాలాసార్లు ఈ లెక్క ఉంటుంది. మీ పొలం పోయినా ఊరి సగటు పోలేదు.

ప్రశ్న: విత్తనం మొలవలేదు. ప్యాకెట్ పారేశాం. ఇక ఏం చేయలేమా?
— కర్నూలు జిల్లా

ప్యాకెట్, ట్యాగ్, బిల్లు మూడూ పంట ఇంటికొచ్చేదాకా ఉండాల్సిందే, లాట్ నంబరు వాటి మీదే ఉంటుంది. బిల్లు ఉంటే ఇంకా ఆశ ఉంది. వెంటనే ఏఓకు రాతపూర్వకంగా ఇచ్చి శాస్త్రవేత్తల బృందంతో పొలం చూపించండి. వాళ్లు వచ్చేదాకా దున్నేయకండి, కనీసం ఓ మూల వదలండి. అదే లాట్ ఊళ్లో ఇంకెవరు కొన్నారో సంఘం వెతికి పట్టుకుంటే కేసు బలపడుతుంది. మొలక శాతం కనీసం వరికి 80, సంకర మొక్కజొన్నకు 90, వేరుశనగకు 70 ఉండాలి.

విత్తనం కొన్న రైతు వినియోగదారుడేననీ, పరీక్ష కోసం నమూనా దాచలేదన్న కారణంతో అతని ఫిర్యాదు కొట్టేయకూడదనీ సుప్రీంకోర్టు 2012లో ఆంధ్రప్రదేశ్ రైతుల కేసులోనే తేల్చింది. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. 1966 చట్టం స్థానంలో కొత్త విత్తన బిల్లు ముసాయిదా 2025 నవంబరులో వచ్చింది. పరిహారం కోసం రైతు కోర్టుల చుట్టూ తిరగకుండా, జిల్లాలోనే గడువుతో తేల్చే ఏర్పాటు కావాలని మీ ఎంపీకి రాయండి.

ప్రశ్న: మా సంఘాన్ని రిజిస్టర్ చేయించాలా? ఎంతమంది కావాలి? వినతిపత్రాలు బుట్టదాఖలు కాకుండా ఎలా రాయాలి?
— నల్గొండ, ఏలూరు జిల్లాల పాఠకులు

సమస్యలు వినిపించడానికే అయితే 2001 సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం చాలు. రెండు రాష్ట్రాల్లోనూ అదే. ఏడుగురు సభ్యులు, ఆశయ పత్రం, నియమావళి, గుర్తింపు, చిరునామా కాగితాలతో జిల్లా రిజిస్ట్రార్‌కు దరఖాస్తు చేయాలి. ఏటా సర్వసభ్య సమావేశం జరిపి కార్యవర్గ జాబితా దాఖలు చేయడం మరిచిపోతే రెండు మూడేళ్లలో రిజిస్ట్రేషన్ పేరుకే మిగులుతుంది. ఎరువులు, విత్తనాలు కలిసి కొని, పంట కలిసి అమ్మాలనుకుంటే ఈ చట్టం సరిపోదు. 1995 పరస్పర సహాయ సహకార చట్టం కింద సొసైటీ గానీ, కనీసం పదిమంది ఉత్పత్తిదారులతో కంపెనీ గానీ పెట్టాలి. 2020లో మొదలైన పదివేల ఎఫ్‌పీఓల (రైతు ఉత్పత్తిదారుల సంస్థల) పథకంలో మైదాన ప్రాంతంలో 300 మంది సభ్యులు ఉండాలని షరతు పెట్టారు. రెండు పనులనూ ఒకే సంఘంలో కలపకండి. వ్యాపారంలో నష్టం వచ్చిన రోజు పోరాడే సంఘం కూడా చీలిపోతుంది.

వినతిపత్రం ఒక్క సమస్య మీదే, ఒక్క పేజీలోనే ఉండాలి. ఏ నిబంధన, ఎక్కడ తప్పింది, ఎందరికి, ఎంత నష్టం, ఏ తేదీలోపు ఏం చేయాలి, అంతే. పన్నెండు డిమాండ్ల కాగితాన్ని ఏ అధికారీ తన పనిగా తీసుకోడు. మద్దతు ధర, తేమ హద్దు కేంద్రం చేతిలోవి. తడిసిన ధాన్యానికి సడలింపు కావాలంటే రాష్ట్రం కేంద్రాన్ని కోరాలి, నమూనాలు పరీక్షించాకే అనుమతి వస్తుంది. కొనుగోలు కేంద్రాలు, గోనెలు, లారీలు, డబ్బు జమ రాష్ట్ర పౌర సరఫరాల బాధ్యత. బీమాలో ఏ పంట, ఏ యూనిట్ అన్నది రాష్ట్ర నోటిఫికేషన్. తహసీల్దారు దగ్గర మద్దతు ధర పెంచమని అడిగితే ఆయన కాగితం పైకి పంపడం తప్ప చేయగలిగింది లేదు.

సోమవారం ప్రజావాణిలోనో, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనో ఇచ్చి నమోదు సంఖ్య తీసుకోండి. నెలలో కదలిక లేకపోతే ఆ కాగితం మీద ఏం చర్య తీసుకున్నారో సమాచార హక్కు కింద అడగండి. గ్రామ స్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు గడువు 30 రోజులు. ‘ఎందుకు చేయలేదు’ అని అడిగితే జవాబు రాదు. ‘ఫలానా సంఖ్య వినతిపత్రం మీద నడిచిన ఫైలు నకలు ఇవ్వండి’ అని అడగండి.